మనసు గురించి ఎలాంటి మాట నమ్మాలి?

శ్రోతలకు నమస్కారం.

1888, 89 సంవత్సరాల్లో మన హైదరాబాదులో క్లోరోఫామ్ అనే మత్తుమందు మీద రెండు పరిశోధక కమిషన్లు పనిచేశాయి. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, పట్టుదల డాక్టర్ ఎడ్వర్డ్ లారీది. ఆ మందు కాసేపు పీలిస్తే మనిషికి స్పృహ ఉండదు. ప్రభావం తగ్గితే మళ్ళీ వస్తుంది. మనసు శరీరంతో సంబంధం లేనిదైతే ఒక ఆవిరికి ఎలా లొంగుతుంది?

ఇలాంటి ప్రశ్నే 1643లో బొహీమియా యువరాణి ఎలిజబెత్ తత్త్వవేత్త డేకార్ట్‌ను ఉత్తరంలో అడిగింది. భౌతికం కాని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందని. తర్వాత ఆయన మెదడులోని పీనియల్ గ్రంథిని చూపించాడు. ఎక్కడో చెప్పాడు గానీ, ఎలాగో చెప్పలేకపోయాడు. నా దృష్టిలో ఆయన జవాబు కంటే ఆవిడ ప్రశ్నే గట్టిది.

పరీక్షల ముందు పిల్లాడికి కడుపునొప్పి వస్తే "అదంతా టెన్షన్" అనేస్తాం. నొప్పి తగ్గితే మనసు కుదుటపడిందంటాం. తగ్గకపోతే లోపల ఇంకా భయం ఉందంటాం. ఏది జరిగినా నెగ్గే మాట ఇది. అలాంటి మాటతో ఆ పిల్లాడికి ఏ ఉపయోగమూ లేదు. తప్పని తేలే అవకాశం లేనిది విజ్ఞానం కాదని తత్త్వవేత్త కార్ల్ పాపర్ వాదించింది ఇందుకే. లారీని చూడండి. క్లోరోఫామ్ ప్రాణం తీసేటప్పుడు ముందు ఊపిరినే ఆపుతుంది, గుండెను కాదు అని తేల్చి చెప్పాడు. గుండె కూడా ముందు ఆగిపోవచ్చని 1911లో లెవీ అనే పరిశోధకుడి ప్రయోగాలు చూపించాయి. లారీ ఓడిపోయాడు, నిజమే. కానీ ఓడిపోయే వీలున్న మాట చెప్పాడు. మనస్తత్వశాస్త్రంలో నేను కోరేది ఆ తెగింపే.

అది కనిపించిన పరిశోధన ఒకటుంది. మందు లేని మందు ఇచ్చినా, నమ్మకం వల్ల కొందరికి నొప్పి తగ్గుతుంది. 1978లో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే పరిశోధకులు జ్ఞానదంతాలు తీయించుకున్నవారితో దీన్ని పరీక్షించారు. నమ్మకం ఎండార్ఫిన్ల ద్వారా, అంటే నొప్పి తగ్గించడానికి శరీరమే తయారుచేసుకునే రసాయనాల ద్వారా పనిచేస్తుంటే, వాటిని అడ్డుకునే నలోక్సోన్ అనే మందు ఇవ్వగానే నొప్పి పెరగాలి. పెరగకపోతే ఊహ తప్పు. ఉత్తుత్తి మందుతో ఉపశమనం పొందినవారికి నొప్పి పెరిగింది. దారి ఇదొక్కటే కాదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అయినా "ఎలా" అన్న ప్రశ్నకు కొంత జవాబు దొరికింది.

ఎండార్ఫిన్ పనిచేసినప్పుడు మనకు హాయిగా ఎందుకు అనిపించాలో మాత్రం ఆ ప్రయోగం చెప్పదు. అందరూ ఒప్పుకునే జవాబు దానికి ఇంకా రాలేదు.