ఆ బిడ్డ బరువు ఎవరు చూస్తున్నారు?

(నెల్లూరులో స్థానిక సంస్థల ప్రజాప్రతినిధుల శిక్షణ సమావేశంలో ఒక విశ్రాంత ప్రభుత్వ పిల్లల వైద్యురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సర్పంచ్‌లు, ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కావలి నుంచీ ఆత్మకూరు నుంచీ వచ్చిన కౌన్సిలర్లు, ఇంతమంది ఒక పూట పనులు మానుకుని వచ్చారు. ఆడవాళ్ళు ఎక్కువమంది కనిపిస్తున్నారు, నాకు ధైర్యంగా ఉంది. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక సంరక్షణ హోముల్లో ఉన్న పిల్లల ఆరోగ్యం గురించి, అందులో మీ బాధ్యత గురించి మాట్లాడమన్నారు. ఒక రిజిస్టరుతో మొదలుపెడతాను.

కొన్నేళ్ళ కిందట తనిఖీ బృందంలో డాక్టరుగా ఒక హోంకి వెళ్ళాను. ఏ హోమో చెప్పను. పిల్లల బరువు నెలనెలా రాసే రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టారు. అట్ట వేసి, గళ్ళు కొట్టి, ముచ్చటగా ఉంది. ఒక పిల్లాడి పేజీ తీశాను. జూన్‌లో 24 కిలోలు. జూలైలో 24. ఆగస్టులో 24. అలా మార్చి దాకా 24. అదే అంకె, అదే పెన్ను, అదే చేతిరాత. పదేళ్ళ పిల్లాడు పది నెలల పాటు పెరగకుండా తరగకుండా ఉంటాడా? బరువు మిషన్ తెమ్మన్నాను. స్టోర్ రూంలో బియ్యం బస్తాల వెనక నుంచి తీసి, దుమ్ము తుడిచి తెచ్చారు. బ్యాటరీ లేదు. ఎదురు కొట్లో బ్యాటరీ కొనిపించి పిల్లాణ్ణి ఎక్కిస్తే 21 కిలోల 300 గ్రాములు. వాడు దిగి నా మొహంలోకి చూసి, "తక్కువొచ్చిందా డాక్టరమ్మా?" అనడిగాడు. తప్పు తనదే అన్నట్టు అడిగాడు.

ఆ పేజీ కింద మాకంటే ముందు వచ్చిన ఇద్దరు అధికారుల సంతకాలున్నాయి. వాళ్ళు రిజిస్టరు ఉందో లేదో చూశారు, పిల్లాణ్ణి చూడలేదు. వాళ్ళనొక్కళ్ళనే అనడం న్యాయం కాదు. అంతకుముందు నేనూ అలా సంతకాలు పెట్టి ఉంటాను. ఆ రోజు నుంచి మాత్రం ముందు పిల్లల్ని చూసి, తర్వాత కాగితం చూడటం అలవాటు చేసుకున్నాను.

చట్టంలో లోటు లేదండీ. 2015 బాలల న్యాయ చట్టం ఉంది. సంరక్షణ అవసరమైన బిడ్డ దొరికితే 24 గంటల్లో, ఇలాంటి పిల్లల విషయం తేల్చే బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. హోంలో చేర్చాక ప్రతి బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక రాయాలి. నెలనెలా వైద్య పరీక్ష చేసి ఎవరి వైద్య రికార్డు వాళ్ళకి ఉంచాలని 2016 నమూనా నియమాలు చెబుతున్నాయి. ప్రతి హోంనీ మూడు నెలలకు ఒకసారైనా ముగ్గురికి తగ్గకుండా ఉన్న బృందం తనిఖీ చేయాలి. అందులో ఒక మహిళ, ఒక మెడికల్ ఆఫీసర్ తప్పనిసరి. వారంలో నివేదిక ఇవ్వాలి, నెలలో చర్య తీసుకోవాలి. 2021 సవరణతో కలెక్టర్ బాధ్యత ఇంకా పెరిగింది. ఇన్ని ఉండీ ఆ పిల్లాడు రెండున్నర కిలోలకు పైగా తక్కువ తూగాడు. ఎందుకంటే ఈ లెక్కంతా పైకి పోతుంది. కిందికి, ఆ బిడ్డ పుట్టిన ఊరికి, ఒక్క ముక్క కూడా రాదు. నన్నడిగితే అసలు లోటు అక్కడుంది.

మన ఇళ్ళలో సంగతి చూడండి. పిల్లాడికి జ్వరం వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తాం. "ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? ఏ మందైనా పడదా? పుట్టినప్పుడు ఎంత బరువు?" అని డాక్టరు అడుగుతుంది. అమ్మ గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తుంది. రెండో ఏట వచ్చిన పచ్చకామెర్ల నుంచి మొన్న తిన్న గుడ్డు దాకా చెబుతుంది. అదే పిల్లాణ్ణి హోం నుంచి తీసుకొస్తే పక్కన వార్డెన్ నిలబడి ఉంటాడు. అతను చేరి ఆర్నెల్లే. "తెలీదు మేడం" అంటాడు. అతని తప్పు కాదది. అయినా ఆ "తెలీదు" అన్న మాట మీద మందు రాయాలంటే చేయి వణుకుతుంది. అలా ఎన్నిసార్లు రాశానో!

ఆ బిడ్డ సంగతి తెలిసినవాళ్ళు ఎక్కడున్నారు? మీ ఊళ్ళో ఉన్నారు. టీకాలు వేసిన ఏఎన్‌ఎం మీ ఊరి సచివాలయంలో ఉంది. కాన్పుకి తోడు వెళ్ళిన ఆశా కార్యకర్త మీ వీధిలో ఉంది. అంగన్‌వాడీ టీచరు దగ్గర ఐదేళ్ళ బరువుల లెక్క ఉంది. బిడ్డ హోంకి వెళ్ళేటప్పుడు ఆ కాగితాలు కూడా వెళ్ళాలి. టీకా కార్డు, పుట్టిన తేదీ సర్టిఫికెట్, పాత మందుచీటీలు ఉంటే అవి, అమ్మమ్మో మేనమామో చెప్పిన నాలుగు ముక్కలు ఒక తెల్లకాగితం మీద. సర్పంచ్ గట్టిగా పూనుకుంటే ఇది ఒక్కపూట పని.

హోముల్లో ఉన్నవాళ్ళంతా అనాథలని అనుకుంటాం. నేను చూసినవాళ్ళలో చాలామందికి అమ్మో నాన్నో ఉన్నారు. ఇటుక బట్టీలకు పోయిన యానాది కుటుంబాల పిల్లలు, రొయ్యల గుంటల దగ్గర కాపలాకి పోయినవాళ్ళ పిల్లలు, మొగుడు పోయి హైదరాబాద్‌లో ఇళ్ళలో పనికి కుదిరిన తల్లుల పిల్లలు. అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక బాబు నవ్వేవాడు కాదు. నవ్వు వస్తే చేయి అడ్డం పెట్టుకునేవాడు. పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు. "వీడు పళ్ళు తోమడు" అని తోటి పిల్లలు ఏడిపించేవాళ్ళు. చివరికి ఆయమ్మ కూడా బొగ్గుపొడి ఇచ్చి రుద్దించేది. అది మురికి కాదు, ఫ్లోరైడ్. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళు పంటి లోపల వేసిన మచ్చ ఎంత తోమినా పోదు. ఆ సంగతి పిల్లలందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. వాడు ఎక్కడి నుంచి వచ్చాడో, అక్కడి నీళ్ళు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళు ఒక్కరున్నా వాడికి అన్నాళ్ళ అవమానం తప్పేది.

మీ చేతుల్లో ఏముందో ఇప్పుడు చెబుతాను. నేరుగా హోంలోకి వెళ్ళి తనిఖీ చేసే అధికారం ఈ చట్టం మీకివ్వలేదు. అది కమిటీలది. కానీ జిల్లా పరిషత్తులో ఏడు స్థాయీ సంఘాలున్నాయి. విద్య, వైద్యం ఒక సంఘం. మహిళా సంక్షేమం ఇంకొకటి. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లోని 29 అంశాల్లో ఆరోగ్యం, పారిశుద్ధ్యం ఉన్నాయి, స్త్రీ శిశు అభివృద్ధి కూడా ఉంది. కాబట్టి అడిగే హక్కు మీకుంది. ఈ మూడు నెలల్లో ఎన్ని హోములు తనిఖీ చేశారు? బృందంలో డాక్టరు వెళ్ళారా? ఎంతమంది పిల్లలకు రక్తహీనత ఉందని తేలింది, వాళ్ళలో ఎంతమందికి మళ్ళీ పరీక్ష చేశారు? కళ్ళజోడు రాసిచ్చిన పిల్లల్లో ఎంతమంది ముక్కు మీద ఆ జోడు ఉంది? ఈ చివరి ప్రశ్న వదలొద్దు. రాసివ్వడానికీ చేతికి రావడానికీ మధ్య పిల్లలకు ఒక చదువు సంవత్సరం గడిచిపోతుంది. అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు మినిట్స్‌లోకి ఎక్కించండి. తర్వాతి మీటింగులో అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మున్సిపాలిటీల వాళ్ళకి ఒక మాట. హోముల్లో నేను ఎక్కువగా చూసిన జబ్బు గజ్జి. వేళ్ళ సందుల్లో, నడుం దగ్గర గోకి గోకి పుండ్లు. రాత్రుళ్ళు నిద్ర ఉండదు, పగలు క్లాసులో తూగుతారు. దాని వైద్యం కష్టం కాదు. రాత్రి పడుకునే ముందు మెడ నుంచి పాదాల దాకా పెర్మెత్రిన్ క్రీమ్ పూయాలి, పొద్దున్నే స్నానం చేయించాలి, వారానికి మళ్ళీ పూయాలి. దురద ఉన్నా లేకున్నా, గదిలో అందరికీ ఒకే రోజు పూయాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. ఇక్కడే పని ఆగిపోతుంది. ఒకచోట క్రీమ్ ఇచ్చాను, మూడు వారాల్లో మళ్ళీ అందరికీ వచ్చింది. విచారిస్తే ఆ వీధికి కుళాయి రెండు రోజులకొకసారి వస్తోంది. అరవై దుప్పట్లు దేంతో ఉతుకుతారు? ఆ గజ్జికి మందు నా దగ్గర లేదు, వార్డు కౌన్సిలర్ దగ్గర ఉంది. ఆమె వారానికి రెండు ట్యాంకర్లు పంపించే ఏర్పాటు చేసింది. ఆ తర్వాతే తగ్గింది.

ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లల బాధ్యత నేరుగా స్థానిక కౌన్సిల్‌దే. గెలిచిన సభ్యులంతా కలిసి ఆ పిల్లలకు తల్లిదండ్రుల స్థానంలో ఉన్నట్టు లెక్క. బిడ్డ సంరక్షణలోకి వచ్చిన 20 పనిదినాల్లో ఆరోగ్య పరీక్ష చేయించాలి. ఐదేళ్ళ లోపు వాళ్ళకు ఆర్నెల్లకొకసారి, ఆ పైవాళ్ళకు ఏడాదికొకసారి మళ్ళీ చూడాలి. ఎంతమందికి సకాలంలో జరగలేదో కౌన్సిల్ సంఘం అధికారుల్ని కూర్చోబెట్టి అడుగుతుంది. అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను అనను. ఓటు వేయించుకున్న మనిషి ఆ బిడ్డ ఆరోగ్యానికి జవాబుదారీ కావడం మాత్రం నాకు నచ్చింది. మన చట్టంలో ఆ మాట లేదు. లేకపోయినా చేయడానికి అడ్డేమీ లేదు కదా! దూబగుంట ఆడవాళ్ళు సారా వేలం పాటల్ని ఆపినప్పుడు ఏ జీవో వాళ్ళ చేతిలో ఉంది? 1992లో మన జిల్లాలో అంటుకున్న ఆ ఉద్యమంతోనే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది.

అన్నిటికంటే మంచిది బిడ్డ హోం దాకా పోకుండా చూడటం. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది, నెలకు 4,000 రూపాయలు. తండ్రి పోయిన బిడ్డ తల్లి దగ్గరే ఉండి చదువుకోవడానికి ఇస్తారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. ఆదాయ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా అడుగుతారు. కూలికి పోయే తల్లి ఈ మూడింటి కోసం నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని, విసిగి, బిడ్డను హోంలో వదిలేసి వెళ్తుంది. సచివాలయంలో మీరు పక్కన నిలబడితే ఒక్కరోజులో అయ్యే పని. దయచేసి నిలబడండి.

ఇంకో విషయం కాస్త కటువుగానే చెబుతాను, ఏమీ అనుకోవద్దు. పుట్టినరోజులకు హోంకి వెళ్ళి పండ్లు, బిస్కెట్లు పంచుతారు. మంచిదే. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటోలు తీసి వాట్సాప్‌లో, పేపర్లో వేయిస్తారు. అది నేరం. చట్టంలో 74వ సెక్షన్ ఈ పిల్లల ఫోటో గానీ పేరు గానీ ఊరు గానీ బయటపెట్టొద్దంటోంది. ఆర్నెల్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ ఫోటో చూసి బళ్ళో "నువ్వు హోం పిల్లవా?" అని అడిగించుకున్న ఒక ఏడో తరగతి అమ్మాయి వారం రోజులు బడికి పోలేదు. కడుపునొప్పి అని నా దగ్గరకు తెచ్చారు. కడుపులో ఏమీ లేదు. మీటింగుల్లో అడిగేటప్పుడు కూడా సంఖ్యలు అడగండి, పేర్లు వద్దు.

పద్దెనిమిది నిండినవాళ్ళ గురించి. ఆ రోజుతో హోం తలుపు మూసుకుంటుంది. ఫిట్స్ మందు వాడే కుర్రాడు సంచీలో నెల మాత్రలతో బయటికొస్తాడు. అవి అయిపోయాక ఎక్కడికి పోవాలో తెలీదు. ఆ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ముంచుకొస్తాయి, ప్రాణం మీదకు కూడా రావచ్చు. 21 ఏళ్ళ దాకా ఆదుకునే తదనంతర సంరక్షణ అని చట్టంలో ఉంది. అది అందేలోగా మీ ఊరి పీహెచ్‌సీలో వాడి పేరు రాయించి, మందు ఇప్పించే మనిషి ఒకరు కావాలి.

బరువు తగ్గిన పిల్లాడి సంగతి చెప్పి ముగిస్తాను. పరీక్ష చేయిస్తే కడుపులో నులిపురుగులు, రక్తం చాలా తక్కువ. మందులు రాశాను, రోజూ గుడ్డు పెట్టమన్నాను. వాడిది ఉదయగిరి దగ్గర ఊరు. ఆ ఊరి వార్డు మెంబరు, చదువు పెద్దగా లేని ఆవిడ, సంక్షేమ సమితి అనుమతి తీసుకుని వాడి నాయనమ్మను నెలకోసారి బస్సెక్కించి వెంట తీసుకొచ్చేది. ఇద్దరూ ఆఫీసు గదిలో కూర్చునేవాళ్ళు. పెద్దావిడకు అంకెలు రావు. వాణ్ణి మిషన్ ఎక్కించి, మెంబరమ్మ చదివి చెబితే, ఆవిడ చీర కొంగున ఒక ముడి వేసుకునేది. కిలోకో ముడి. ఆ పిల్లాడి పేజీలో ఆ తర్వాతి జూన్‌కి 25 అని ఉంది. అది మాత్రం మిషన్ మీద చూసి రాసిన అంకె.