ఓడ ఎక్కకముందే తేలాల్సిన లెక్కలు

అందరికీ నమస్కారం.

ఆన్‌లైన్‌లో విదేశాలకు సరుకు అమ్మేవాళ్లు, కస్టమ్స్ కాగితాల పని చూసే మా వృత్తిలో ఉన్నవాళ్లను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఓడ వచ్చి వారమైంది, ట్రాకింగ్‌లో ఇంకా కస్టమ్స్ హోల్డ్ అనే చూపిస్తోంది. లోపల ఏం చేస్తున్నారండీ?" చాలాసార్లు లోపల ఎవరూ ఏమీ చేయరు. కాగితాల్లో దొరకని జవాబు కోసం ఫైలు పక్కన పెట్టి ఉంటారు, అంతే. ఆ జవాబు కంటెయినర్ నింపే రోజుకే మన దగ్గర సిద్ధంగా ఉండాలి.

నిబంధనలు కూడా అలాగే ఉన్నాయి. అమెరికాకు కంటెయినర్ వెళ్లాలంటే, సరుకు ఓడలోకి ఎక్కడానికి 24 గంటల ముందే దిగుమతిదారు తరఫున ఐఎస్‌ఎఫ్, అంటే సరుకు భద్రతా వివరాల పత్రం, దాఖలు చేయాలి. అమ్మింది ఎవరు, కొన్నది ఎవరు, తయారు చేసింది ఎవరు, సరుకు ఎక్కడికి చేరుతుంది, సరుకు రకాన్ని అంకెల్లో చెప్పే హెచ్‌ఎస్ కోడ్ ఏమిటి, ఇవన్నీ అందులో అడుగుతారు. తప్పు రాసినా ఆలస్యమైనా 5,000 డాలర్ల జరిమానా పడొచ్చు. ఐరోపా సమాఖ్యకు దూరప్రాంతాల నుంచి వెళ్లే కంటెయినర్ల వివరాలూ లోడింగ్‌కు 24 గంటల ముందే చేరాలి. ఓడ సముద్రం మీద ఉండగా తీరిగ్గా సర్దుకుందామంటే కుదరదు.

ఇప్పుడు హెచ్‌ఎస్ కోడ్ సంగతి. 1988లో అమల్లోకి వచ్చిన ఈ పద్ధతిలో మొదటి ఆరు అంకెలు దాదాపు ప్రపంచమంతటా ఒకటే. ఆ తర్వాతి అంకెలు ఏ దేశానికి ఆ దేశం చేర్చుకుంటుంది. ఒక స్టీలు నీళ్ల సీసా తీసుకోండి. ఒకే గోడ ఉన్న మామూలు సీసా అయితే ఇంటి సామాన్లతో పాటు 7323 కిందికి వెళ్తుంది. రెండు గోడల మధ్య గాలి తీసేసిన సీసా వ్యాక్యూమ్ ఫ్లాస్కు కిందికి, అంటే 9617లోకి పోతుంది. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి, సుంకం మాత్రం ఒకటే కానక్కర్లేదు. ఇన్‌వాయిస్ మీద "స్టీల్ బాటిల్" అని ఊరుకుంటే అధికారి ఏ శీర్షికలో వేయాలి? టీషర్టులదీ ఇదే తంతు. అల్లిన గుడ్డా, నేసిన గుడ్డా, నూలు ఎంత శాతం అనేవి రాయాల్సిందే. "యాక్సెసరీస్", "గిఫ్ట్ ఐటమ్స్", "శాంపిల్స్" లాంటి మాటలు కనిపిస్తే నాకు వెంటనే టెన్షన్ మొదలవుతుంది. ఆ మాట పెట్టె తెరవమని మనమే పిలిచినట్టు!

విలువ దగ్గర ఇంకో చిక్కు. మామూలు వ్యాపారంలో కొన్నవాడు చెల్లించిన ధరే సుంకానికి ఆధారం. ఈ-కామర్స్‌లో చాలామంది తమ సరుకును విదేశంలోని గిడ్డంగికి తామే పంపుకుంటారు. అప్పటికి అమ్మకమే జరగలేదు, ఇక ధర ఎక్కడిది? ఇలాంటప్పుడు అదే రకం సరుకు దిగుమతి విలువను చూడటం, అక్కడ అమ్ముడుపోయే ధర నుంచి ఖర్చులూ లాభమూ తీసేసి వెనక్కి లెక్కగట్టడం వంటి పద్ధతులు కస్టమ్స్ చట్టాల్లోనే ఉన్నాయి. నోటికొచ్చిన చిన్న అంకె వేసేవాళ్లు ఒకటి మరచిపోతారు. అదే వస్తువు ధర వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, అధికారికి కూడా. ఓడ కిరాయి సంగతీ చూసుకోవాలి. అమెరికాలో అంతర్జాతీయ కిరాయి, బీమా కలపకుండా సుంకం లెక్కిస్తారు, ఐరోపాలో కలిపి లెక్కిస్తారు. 10,000 సరుకుకు 1,500 కిరాయి, బీమా అయితే, 10 శాతం సుంకం ఒక చోట 1,000, మరో చోట 1,150. ఐరోపాలో వ్యాట్ ఈ సుంకం కూడా కలిపిన మొత్తం మీద పడుతుంది.

చిన్న విక్రేతలు కంటెయినర్ మొత్తం నింపలేరు కాబట్టి ఎల్‌సీఎల్‌లో, అంటే పదిమంది సరుకుతో కలిపి పంపుతారు. కిరాయి కలిసొస్తుంది, నిజమే. కానీ ఆ పదిమందిలో ఒకరు పవర్ బ్యాంకుల్ని "ఎలక్ట్రానిక్ వస్తువులు" అని రాసి పంపారనుకోండి. లిథియం బ్యాటరీలు ప్రమాదకర సరుకు, వాటికి ప్రమాదకర సరుకును గుర్తించే యూఎన్ నంబరు, లేబుల్, వేరే డిక్లరేషన్ ఉండాలి. స్కానింగ్‌లో అవి దొరికితే తలుపు తెరుస్తారు, ఏ తప్పూ లేని మిగతా తొమ్మిది మంది సరుకూ ఆగిపోతుంది. ఈలోగా టెర్మినల్‌లో ఉచిత గడువు దాటితే డెమరేజ్, బయటికి తీసిన ఖాళీ కంటెయినర్ ఆలస్యంగా తిరిగిస్తే డిటెన్షన్. ఆ ఖర్చుల్లో మీ వంతు ఎంతో ఫార్వర్డర్‌ని, అంటే రవాణా ఏర్పాట్లు చూసేవాళ్లని, ముందే రాతపూర్వకంగా అడగండి. చెక్క ప్యాలెట్ల మీద గోధుమ కంకి గుర్తు, "హెచ్‌టీ" ముద్ర ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. లోపలి భాగం 56 డిగ్రీల దగ్గర కనీసం 30 నిమిషాలు వేడెక్కిన చెక్క అని దానర్థం. ఆ ముద్ర లేక సరుకంతా వెనక్కి పోయిన సందర్భాలున్నాయి.

"చిన్న పార్సిళ్లుగా చూపిస్తే సుంకం ఉండదటగా?" అని ఇప్పటికీ అడుగుతున్నారు. ఆ రోజులు వెళ్లిపోతున్నాయి. ఐరోపా 2021 జులైలో 22 యూరోల లోపు సరుకుకు ఉన్న వ్యాట్ మినహాయింపు తీసేసింది. అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అన్ని దేశాల సరుకుకూ నిలిపేసింది. దాని మీద ఆధారపడి ధర నిర్ణయించుకున్నవాళ్లు ఆ లెక్క మళ్లీ వేసుకోవాల్సిందే.

దిగుమతిదారు ఎవరన్నది కూడా ముందే తేలాలి. మార్కెట్‌ప్లేస్ గిడ్డంగికి పంపుతున్నాం కాబట్టి ఆ కంపెనీయే దిగుమతిదారు అనుకుంటారు, సాధారణంగా వాళ్లు అందుకు ఒప్పుకోరు. అక్కడ కంపెనీ లేని విక్రేతకు అమెరికాలో కస్టమ్స్ బాండు, అంటే సుంకం చెల్లింపుకు హామీ పత్రం, కావాలి, ఐరోపాలో విక్రేత కోసం తన పేరు మీదే కస్టమ్స్ పని జరిపే పరోక్ష ప్రతినిధి కావాలి. అలా బాధ్యత తీసుకునే ప్రతినిధి సుంకం బాకీకి తానూ జవాబుదారీ కాబట్టి ఊరికే దొరకడు, ఫీజూ గట్టిగానే అడుగుతాడు. డీడీపీ షరతుతో, అంటే సుంకంతో సహా ఖర్చులన్నీ తామే భరిస్తామని అమ్మేవాళ్లు ఈ ఫీజును ధరలో కలపడం మానేస్తుంటారు.

చివరగా రిటర్నులు. అమ్ముడుపోని సరుకు వెనక్కి తెచ్చుకున్నా వేరే దేశానికి పంపినా, కట్టిన సుంకంలో కొంత తిరిగి రాబట్టే వీలు చాలా దేశాల్లో ఉంది. అయితే వెళ్తున్న వస్తువు ఫలానా ఎంట్రీలో, అంటే ఫలానా దిగుమతి డిక్లరేషన్ కింద, వచ్చిందేనని సాధారణంగా చూపించాలి. గిడ్డంగిలో మూడు షిప్‌మెంట్లు కలిసిపోయాక అది అయ్యే పని కాదు. అందుకే ప్రతి కార్టన్ మీద షిప్‌మెంట్ నంబరు ముందే వేయించండి, ఎంట్రీ కాగితాల కాపీ కస్టమ్స్ బ్రోకర్ దగ్గరే వదిలేయకుండా తెచ్చుకోండి.

ఇక ప్రశ్నలు అడగండి. ఇన్‌వాయిస్‌లు వెంట తెచ్చినవాళ్లు ముందుకి రండి.