రోలర్ల మధ్య ఘర్షణను కొలవగలమా?

వ్యాఖ్యాత: లోహపు రేకును రోలర్ల మధ్య నొక్కి పలచన చేసే రోలింగ్‌లో, రేకు నలిగే చోటికి కన్ను చేరదు. అక్కడి ఘర్షణ ఎంతో ఎలా తెలుస్తుంది? ముందు ఇంజినీరు గారు చెప్పండి.

మిల్లు ఇంజినీరు: మాకు రింగు పరీక్ష ఉందండీ, చిన్న లోహపు రింగుతో చేసేది. బయటి వ్యాసం 18 మిల్లీమీటర్లు, లోపలిది 9, ఎత్తు 6. కందెన పూసి ప్రెస్సులో నొక్కుతాం. ఘర్షణ తక్కువైతే రంధ్రం పెద్దదవుతుంది, ఎక్కువైతే కుంచించుకుపోతుంది. బలం కొలిచే పని లేదు, కాలిపర్స్ చాలు.

ప్రొఫెసర్: ఆ కాలిపర్స్ ఎక్కడ ఆనిస్తారు? నొక్కాక రంధ్రం గోడ తిన్నగా ఉండదు కదా. అంచు దగ్గర ఒక కొలత, నడుమ ఇంకొకటి.

ఇంజినీరు: నడుమే కొలుస్తాం మేడమ్. రెండు కందెనల్లో ఏది మేలో తేల్చడానికి ఆ తేడా అడ్డురాదు.

ప్రొఫెసర్: కందెనల పోటీకి సరే. వచ్చిన ఒక్క అంకెను రోలింగ్ లెక్కల్లో పెట్టడమే నా అభ్యంతరం. లోపలికి వచ్చేటప్పుడు రేకు రోలరు కంటే నెమ్మది, ఘర్షణ దాన్ని ముందుకు లాగుతుంది. బయటపడేటప్పుడు రేకుదే వేగం, ఘర్షణ వెనక్కి పట్టుకుంటుంది. దిశ మారే ఆ తటస్థ బిందువు దగ్గరే పీడనం గరిష్ఠం. సగటు అంకెలో ఇదేదీ కనిపించదు.

వ్యాఖ్యాత: మరి అక్కడిదాకా వెళ్లేదెలా?

ప్రొఫెసర్: రోలరులోనే, తన మీద పడే బలాన్ని కొలత పరికరానికి అందించే సన్నని పిన్ను అమర్చి. 1933లోనే జీబెల్, లూగ్ అనే పరిశోధకులు అలా పీడనం కొలిచారు. 1957లో వాన్ రూయెన్, బాకోఫెన్ ఏటవాలు పిన్నును కూడా వాడి ఘర్షణను వేరుచేశారు.

ఇంజినీరు: పిన్ను చుట్టూ సందు వదిలితే లోహం అందులోకి చొరబడుతుంది. బిగిస్తే పిన్ను తన రంధ్రం గోడకే రాసుకుంటుంది. అప్పుడు మీరు కొలిచేది ఎవరి ఘర్షణ?

ప్రొఫెసర్: న్యాయమైన ప్రశ్నే. ఇంకో చిక్కూ ఉంది. రేకు రోలరును తాకే పొడవు చాలాసార్లు కొద్ది మిల్లీమీటర్లే. పిన్ను లావైతే పీడన శిఖరాన్ని చదును చేసి చూపిస్తుంది. పాత సిద్ధాంతంలో ఆ శిఖరం సూదిమొన, కొలతల్లో గుండ్రం. అందులో లోహం వాటా ఎంత, పిన్ను వాటా ఎంత అన్నది విడదీయాలి.

వ్యాఖ్యాత: వేడి రోలింగ్‌లో?

ప్రొఫెసర్: అక్కడ ఘర్షణ గుణకమే, అంటే ఘర్షణకూ పీడనానికీ ఉండే నిష్పత్తే, తడబడుతుంది. ఉపరితలం మీది ఘర్షణ లోహపు కోత బలాన్ని, అంటే దాని పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా ఆపే బలాన్ని, మించలేదు. ఆ హద్దు చేరాక లోహం జారడం మాని రోలరుకు అంటుకుంటుంది, కోత లోపలి పొరల్లో జరుగుతుంది. పీడనం పెరిగినంత మాత్రాన ఘర్షణ పెరగదు. అందుకే ఘర్షణ ఆ కోత బలంలో ఎన్నో వంతో చెప్పే, 0 నుంచి 1 దాకా ఉండే ఘర్షణ కారకాన్ని వాడతారు.

ఇంజినీరు: రింగు పరీక్షకూ ఆ కారకంతో గీసిన పటాలున్నాయి మేడమ్. దాన్ని పక్కన పెట్టేయకండి.

ప్రొఫెసర్: పెట్టను. రింగును నొక్కిన వేగం, వేడి మీ మిల్లులో ఉన్నట్టే ఉన్నాయా అని మాత్రం ప్రతిసారీ అడుగుతాను.