డేట్ మారిందట... అంటే ఎప్పటికి?

అందరికీ నమస్కారం. కోర్టు మెట్లెక్కని వాళ్ళకి ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది, డేట్ మారింది అంతే కదా అని. కానీ రేపు విచారణ అని వారం రోజుల్నించి నిద్రపట్టక, లీవు పెట్టుకుని, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి, సాక్షిని బతిమాలి ఒప్పించి, తీరా ముందురోజు సాయంత్రం "మారిందట" అని ఫోనొస్తే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు. న్యాయ సహాయ శిబిరాల్లో అలాంటి వాళ్ళని చాలామందిని చూశాను, అందుకే ఇవాళ ఈ ఒక్క సంగతే మాట్లాడదామనుకున్నా.

ముందు ఆ "అట" ఎక్కణ్ణించి వచ్చిందో చూడండి. అవతలి పార్టీ చెప్పారా? తెలిసినాయన ఎవరో చెప్పాడా? రెండువైపులా లాయర్లు ఒప్పుకున్నా సరే, కోర్టు ఓకే అనేదాకా పాత డేటే డేట్. కాబట్టి మీ లాయర్‌ని అడగండి, కోర్టు ఆఫీసుకి ఫోన్ చేయండి, ఆన్‌లైన్‌లో కేసు స్టేటస్ ఉంటే చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఎవరితో మాట్లాడారో ఎన్నింటికో రాసుకోండి. ఖాయంగా తెలియలేదా, పాత డేట్‌కి వెళ్ళిపోండి. ఊరికే వెళ్ళొస్తే పోయేది ఒక పూట, వెళ్ళకపోతే కేసే పోవచ్చు.

ఇంకోటి, మన భాషలోనే ఉన్న చిక్కు. "డేట్ ముందుకు జరిగింది" అంటారు. ఒకరికి అది వాయిదా పడిందని, ఇంకొకరికి ఇంకా త్వరగా వచ్చేసిందని! ఒకావిడ ఈ ఒక్క మాట వల్లే విచారణ అయిపోయిన నాలుగు రోజులకి వచ్చింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందుకే తారీఖు, వారం, టైము, ఏ హాలు, నేరుగానా వీడియోలోనా, ఇవన్నీ విడివిడిగా అడగాలి.

అందరూ మర్చిపోయేది ఏంటంటే స్టే, అంటే అప్పటిదాకా ఏమీ చేయొద్దని అవతలివాళ్ళని ఆపి ఉంచే కోర్టు ఆర్డర్. చాలా స్టేలు "తర్వాతి వాయిదా వరకు" అనే ఉంటాయి, వాయిదా మారినప్పుడు స్టే కూడా పొడిగించారా లేదా అన్నది ఎవరూ అడగరు, ఆ మధ్యలో అవతలివాళ్ళు గోడ కట్టేస్తున్నా స్థలం అమ్మేస్తున్నా ఆపడానికి మీ చేతిలో ఆ ఆర్డర్ ఉండదు. నా దృష్టిలో కొత్త డేట్ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. కాగితాలు దాఖలు చేసే గడువు కూడా అంతే, విచారణ డేట్ మారింది కదా అని గడువూ మారిందనుకోవద్దు.

మీకే కుదరకపోతే చివరి నిమిషం దాకా ఆగకుండా, ఆస్పత్రి కాగితమో ఇంకోటో ఆధారం జతచేసి వాయిదా కోరుతూ పిటిషన్ వేయండి. వేయడం వేరు, ఒప్పుకోవడం వేరు. సివిల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం, భారత సివిల్ ప్రొసీజర్ కోడ్, అందులో 17వ ఆర్డర్ అనే భాగం అయితే దావా విచారణలో ఒక పార్టీకి 3 సార్లకి మించి వాయిదా ఇవ్వొద్దంటుంది, ఆచరణలో ఎలా ఉన్నా మీ వంతు అనవసరంగా ఖర్చు చేసుకోకండి.

డేట్ తప్పిపోయిందా, సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు, తెలిసిన రోజే కదలండి. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు రాలేదని మీరు లేకుండానే ఇచ్చిన తీర్పు, వస్తే దాన్ని రద్దు చేయమని అడగడానికి మన దగ్గర మామూలుగా డిక్రీ తేదీ నుంచి 30 రోజులే టైము. ఇంగ్లండ్‌లో విచారణకి రాకపోయినవాళ్ళు ఆ ఆర్డర్ రద్దు చేయమని అడిగితే మూడు చూస్తారు: వెంటనే కదిలారా, రాకపోవడానికి సరైన కారణం ఉందా, కేసులో గెలిచే అవకాశం ఉందా అని. దేశాలు వేరైనా ఆలస్యం చేసినవాళ్ళ మీద ఏ కోర్టుకీ జాలి ఉండదు.

సాక్షులకి మీరే ఫోన్ చేసి చెప్పండి, వాళ్ళ చేతిలో ఉన్న సమన్లలో పాత డేటే ఉంటుంది మరి. సరే, కేసు కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు బయటికి తీయండి, మీ తర్వాతి వాయిదా ఎక్కడ రాసుందో కలిసి చూద్దాం.