ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి: ఎన్‌ఐఎన్ ఆహార మార్గదర్శకాలు, టెలీ మానస్ రివ్యూ

నమస్కారమండీ. ఆరోగ్యం బాగుపడాలంటే ఏ యాప్ కొనాలి, ఏ కోర్సులో చేరాలి అని వెతికేవాళ్లు ముందు ఈ వీడియో చూడండి. పైసా కట్టక్కర్లేని రెండింటిని ఇవాళ రివ్యూ చేస్తున్నాం. ఒకటి, హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్‌ఐఎన్, 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు. రెండోది, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే టెలీ మానస్. మధ్యలో నిద్ర గురించి కూడా కాస్త చెప్పుకుందాం.

ముందు ఎన్‌ఐఎన్ పుస్తకం. పీడీఎఫ్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొత్తం 17 సూచనలు, దాదాపు 150 పేజీలు. అంతా చదివే ఓపిక లేకపోతే 'మై ప్లేట్ ఫర్ ది డే' ఉన్న పేజీ ఒక్కటి చూడండి. రోజుకు 2000 కిలోకాలరీలు అవసరమైన మనిషికి లెక్క ఇది: బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85, కూరగాయలు 400, అందులో ఆకుకూర 100, పండ్లు 100, పల్లీలు నువ్వుల్లాంటి గింజలు 35, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు.

ఇక్కడే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు. ఇవి వండక ముందు తూకాలు. 250 గ్రాములంటే వండిన అన్నం అనుకుంటే రెండు రోజులకే నీరసం వచ్చి వదిలేస్తారు. ఇదిగో చూడండి, తూచే స్కేలు మీద ఖాళీ గిన్నె పెట్టి, గిన్నె బరువు తీసేసే టేర్ బటన్ నొక్కాను, సున్నా వచ్చింది. రైస్ కుక్కర్‌తో వచ్చే 180 ఎంఎల్ కప్పుతో అంచుకు సమంగా నింపిన కప్పు బియ్యం పోస్తున్నాను. 150 గ్రాముల దగ్గర ఆగింది. అంటే రోజు మొత్తానికి ఒక మనిషికి ఒకటిన్నర కప్పు మీద కొంచెం. పొద్దున ఇడ్లీ రవ్వ, రాత్రి చపాతీ పిండి కూడా అందులోంచే పోవాలి. రెండు పూటలా అన్నం కలుపుకుని తినే ఇళ్లలో ఈ లెక్క మధ్యాహ్నానికే దాటిపోతుంది.

మరి రోజూ ప్రతి ముద్దా తూచుకోవాలా? అక్కర్లేదు. కంచం కంటే ప్యాకెట్‌ని లెక్కపెట్టడం తేలిక. నెల సామాన్లు తెచ్చిన రోజే ప్యాకెట్ మీద పెన్నుతో తేదీ రాయండి, అయిపోయిన రోజు మళ్లీ రాయండి. అంతే.

ఉప్పుతో మొదలుపెడదాం. మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. నెల తిరక్కుండా ఖాళీ అవుతోందంటే ఇంట్లో ఉప్పు ఎక్కువ పడుతున్నట్టే. పైగా ఈ లెక్కలోకి ఆవకాయ రాదు. ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు దాదాపు సమపాళ్లలో వేస్తాం కదా, ఆ ఉప్పు ఎండాకాలంలోనే జాడీలోకి వెళ్లిపోయింది. అప్పడాలు, ఊరమిరపకాయలు, బయట తెచ్చిన మిక్చర్ కూడా అంతే. అందుకే ఊరగాయ రోజూ వేసుకునే ఇల్లయితే ప్యాకెట్ 60 రోజులు వచ్చేలా చూసుకోండి. తగ్గించడం ఎలాగంటే, అన్నంలోనూ చపాతీ పిండిలోనూ ఉప్పు మానేయండి, మజ్జిగలో సగం చేయండి. ఒక్కసారే అన్నిట్లో తగ్గిస్తే ఇంట్లో ఎవరూ తినరు. వారానికి కొంచెం తగ్గిస్తూ పోతే కొన్ని వారాల్లో నాలుక అలవాటుపడుతుంది. సైంధవ లవణం వాడితే పరవాలేదు అనుకోకండి. అదీ ఎక్కువ భాగం సోడియం క్లోరైడే, పైగా చాలా ప్యాకెట్లలో అయోడిన్ ఉండదు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పును మాత్రం కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోకూడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం.

నూనె లెక్క కూడా ఇలాగే. మనిషికి 27 గ్రాములంటే సుమారు 30 మిల్లీలీటర్లు, టీస్పూన్లతో ఆరు. నలుగురికి నెలకు లీటర్ ప్యాకెట్లు మూడున్నర, నెయ్యి కూడా కలుపుకుని. ఐదో ప్యాకెట్ కత్తిరిస్తున్నారంటే ఎక్కువైనట్టే.

ఇప్పుడు పప్పు. నన్ను అడిగితే పుస్తకం మొత్తంలో తెలుగు వంటింటికి అన్నిటికంటే పనికొచ్చే అంకె ఈ 85. నలుగురికి నెలకు 10 కిలోలు! కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు, శనగలు అన్నీ కలిపినా మన సరుకుల చీటీలో అందులో సగం ఉంటుందా, చూసుకోండి. పప్పుచారులో పప్పు కంటే చారే ఎక్కువ. ప్రోటీన్ తయారయ్యేది అమైనో ఆమ్లాలతో. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, అది పప్పులో బాగా ఉంటుంది. పప్పులో మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువ, అది బియ్యంలో దొరుకుతుంది. మూడు వంతుల ధాన్యానికి ఒక వంతు పప్పు పడితే ప్రోటీన్ బాగా కుదురుతుంది. 250కి 85 అన్నది ఆ లెక్కే.

85 గ్రాములు ఎలా తినాలి? పొద్దున పెసరట్టులో 40 గ్రాముల పెసలు, మధ్యాహ్నం గట్టి పప్పు 25, సాయంత్రం బజ్జీకి బదులు బొబ్బర్ల గుగ్గిళ్లో శనగలో 20. గుడ్డు, చేప, మాంసం తినేవాళ్లు కొంత పప్పు బదులు అవి తినొచ్చు. ఒకేసారి పెంచితే మాత్రం కడుపు ఉబ్బుతుంది. శనగలు, బొబ్బర్లు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. వారం వారం కొద్దికొద్దిగా పెంచండి.

కూరగాయల్లో ఒక్క మాట: బంగాళాదుంప వేపుడు ఈ 400లోకి రాదు, దాన్ని పిండిపదార్థం కిందే చూడండి.

ఈ పుస్తకంలో లోటు ఏమిటంటే, కొలతలన్నీ గ్రాముల్లో ఉంటాయి, గరిటెలతో వండే ఇంటికి ఒక పట్టాన ఎక్కవు. 2000 కిలోకాలరీలు అందరికీ సరిపోవు కూడా. పొలం పనికో కూలికో వెళ్లే మనిషికి చాలవు, కదలకుండా కూర్చునే పెద్దావిడకు ఎక్కువ. షుగర్, కిడ్నీ సమస్య, గర్భం ఉన్నవాళ్లు డైటీషియన్‌తో మాట్లాడాకే మార్చుకోవాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగర్ పడిపోతుంది.

నిద్ర సంగతికొద్దాం. నిద్రపట్టనివాళ్లు చేసే పొరపాటు, తొందరగా వెళ్లి పడుకోవడం. కళ్లు మూతలు పడుతుంటేనే మంచం ఎక్కండి. ఇరవై నిమిషాలైనట్టు అనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోండి. గడియారం చూడకండి, ఫోన్ తీయకండి. నిద్ర ముంచుకొచ్చినప్పుడే మళ్లీ వెళ్లండి. ఎప్పుడు పడుకున్నా లేచే టైమ్ మాత్రం ఒక్కటే, ఆదివారమైనా సరే. మొదటి వారం పగలు బాగా మగతగా ఉంటుంది. చాలామంది అక్కడే మానేస్తారు. ఆ వారం మధ్యాహ్నం కునుకు తీయకండి, రాత్రిపూట దూరం బండి నడపకండి.

చివరిగా టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం రోజున కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. నంబర్ 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. భాష ఎంచుకున్నాక శిక్షణ పొందిన కౌన్సెలర్ లైన్‌లోకి వస్తారు. అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. పరీక్షల ఒత్తిడి, నిద్రలేమి, మద్యం మానలేకపోవడం, ఇంట్లో ఒకరి ప్రవర్తన మారిపోవడం, దేనికైనా చేయొచ్చు.

చేసే ముందు మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఎప్పటి నుంచి ఇలా ఉంది, నిద్రా ఆకలీ ఎలా ఉన్నాయి, ఏ మందులు వాడుతున్నారు. దుఃఖంలో ఉన్నప్పుడు ఇవి నోటికి రావు. ఇంట్లో వింటారన్న భయం ఉంటే మేడ మీదకో బయటకో వెళ్లి చేయండి. ఒక్క కాల్‌తో అంతా తేలిపోదు, మళ్లీ చేయాల్సి వస్తుంది, కాబట్టి వాళ్లు చెప్పింది కూడా ఆ కాగితం మీదే రాసుకోండి. ఎవరైనా ప్రాణం తీసుకునే ప్రయత్నంలో ఉంటే ముందు 108కి లేదా 112కి చేయండి, సాయం వచ్చేదాకా వాళ్లను ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాల్లాంటివి అందకుండా తీసేయండి.