పొద్దున మంచిగుండి, మాపటికి వాలిపోయే రెప్ప

ఆశా అక్కలందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాను. మయస్థీనియా గ్రేవిస్ అనే, కండరాలు తొందరగా సోలిపోయే జబ్బు ఉన్న మనిషికి భర్తను, తొమ్మిదేళ్లుగా ఆమె మాత్రల టైము చూసుకునేవాణ్ని.

మన నల్లగొండలో కాళ్లు చేతులు పట్టుతప్పితే ముందు నీళ్లనే తిడతాం. తిట్టడంలో తప్పు లేదు, ఇక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఏనాడో బయటపడింది. మేమూ ఏడాదిపాటు అదే అనుకున్నాం. కానీ ఫ్లోరైడ్ ఎముకలను, కీళ్లను పట్టి నొప్పి పెడుతుంది. ఈమెకు నొప్పే లేదు. పొద్దున బిందెలు మోసేది. మాపటికి కనురెప్ప వాలేది, ఒక్క బల్బు రెండుగా కనిపించేది, జొన్నరొట్టె సగం తినేసరికి దవడ ఆడేది కాదు. "సరిగ్గా వంట టైముకే నీరసం వస్తదా?" అన్నది మా అమ్మ. నేను కాదనలేదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నరం కండరానికి అసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో కబురు పంపుతుంది. ఆ కబురు అందుకునే చోటునే మన ఒంటి రక్షణ వ్యవస్థ శత్రువనుకుని దెబ్బతీస్తుంది. అందుకే కండరం వాడినకొద్దీ సోలిపోతుంది, కాసేపు ఆగితే తేరుకుంటుంది. అంటురోగం కాదు. ఈ జబ్బుకు ఆమె వేసుకునే పైరిడోస్టిగ్మిన్ మాత్ర పనిచేసేది మూడు నాలుగు గంటలే. తిండికి అరగంట ముందు వేస్తే నమలడం, మింగడం తేలిక. బంధువులొచ్చినా, పెళ్లిలో ఉన్నా మా ఇంట్లో ఆ గడియారం తప్పదు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఒకసారి జ్వరమొస్తే ఊళ్లో ఒకాయన జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సూది వేశాడు. ఈమె జబ్బు సంగతి ఆయనకు తెలియదు, మేమూ చెప్పలేదు. రాత్రికి ఉమ్ము కూడా మింగలేకపోయింది. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ బాగానే చూపిస్తోందని తెల్లారేదాకా ఆగాం. ఈ జబ్బులో ఆ అంకె చివరిదాకా బాగానే ఉండొచ్చని తరువాత తెలిసింది. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉంది.

ఇప్పుడు జలుబు చేసినా ఒక్క శ్వాసలో అంకెలు లెక్కపెట్టమంటాను. మామూలుగా ముప్పై దాటుతుంది. ఇరవై దగ్గర ఆగిందా, ఇంకేం ఆలోచించం, బండి ఎక్కడమే. "నన్ను బడిపిల్లను చేసినవ్" అని నవ్వుతుంది.

సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు, కొన్ని బీపీ మాత్రలు, మెగ్నీషియం సూది కూడా ఈ జబ్బును పెంచగలవు. న్యూరాలజీ డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దని రాసిన చీటీ ఆమె పర్సులో ఒకటి, నా జేబులో ఒకటి ఉంటాయి. జిరాక్సులు తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీదున్నాయి. మీ ఊరి మందుల షాపుకు కూడా ఒకటి తీసుకుపోండి.