పెరుగు తోడుకోకపోతే తోడునే తిట్టేస్తారా? జెంటూ రీబిల్డ్, కంపైలర్ గొడవలు

"అన్నా, వరల్డ్ మొత్తం రీబిల్డ్ పెట్టా, జీసీసీ పాడైపోయింది." వారానికి ఒక్కరైనా ఈ మాట రాస్తారు. జెంటూ అంటే ప్రోగ్రాములను సోర్స్ కోడ్ నుంచి మన మెషిన్ మీదే కట్టుకునే లినక్స్. వరల్డ్ రీబిల్డ్ అంటే అవన్నీ మళ్లీ కట్టడం, జీసీసీ అంటే కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్. కింద ఫోన్‌తో తీసిన ఫోటో ఒకటి. అందులో చివరి మూడు లైన్లు, 'మేక్: ఎర్రర్ 1' అని.

బాబూ, అది జబ్బు కాదు, చావు కబురు. ఎనిమిది కంపైల్ పనులు (జాబులు) ఒకేసారి నడుస్తుంటే ఒకటి పోయాక కూడా మిగతావి ఏదో ఒకటి ప్రింట్ చేస్తూనే ఉంటాయి. అసలు తప్పు ఎక్కడో మూడొందల లైన్ల పైన ఉంటుంది. బిల్డ్ లాగ్ తెరిచి 'ఎర్రర్' పక్కన కోలన్ పెట్టి వెతకండి. మొదట దొరికిందే చదవండి.

(స్క్రీన్ మీద: బిల్డ్ లాగ్, మొదటి ఎర్రర్ దగ్గర పసుపు గీత)

ఇక జీసీసీ పాడవడం సంగతి. పాలు తోడేస్తాం కదా, నిన్నటి పెరుగు ఒక చెంచా. జీసీసీ కూడా అంతే. పాత జీసీసీ కొత్తదాన్ని తయారు చేస్తుంది. ఆ కొత్తది తనను తానే మళ్లీ కంపైల్ చేసుకుంటుంది, ఆ వచ్చింది ఇంకోసారి. రెండో గిన్నె, మూడో గిన్నె పోల్చి చూసి, తేడా ఉంటే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. ఇంత పరీక్ష దాటి వచ్చిన తోడు మీద అనుమానమా? ముందు గిన్నె చూడండి!

గిన్నె అంటే ర్యామ్. అదే కమాండ్ ఇంకోసారి కొట్టండి. 'ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్, సెగ్మెంటేషన్ ఫాల్ట్' అంటూ ఒకసారి ఒక ఫైల్ దగ్గర, ఇంకోసారి వేరే ఫైల్ దగ్గర ఆగుతోందా? ముందు హార్డ్‌వేర్‌నే అనుమానించండి. నా పాత డెస్క్‌టాప్‌లో ఇలాగే రెండు రోజులు జీసీసీ ఫ్లాగులు (సెట్టింగులు) మార్చుకుంటూ కూర్చున్నా. మూడో రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి పడుకుంటే పొద్దున స్క్రీన్ నిండా ఎర్ర గీతలు. రెండు స్టిక్కుల్లో ఒకటి పోయింది. బ్రౌజర్, సినిమాలు అన్నీ బాగానే నడిచాయి మరి! కంపైలింగ్ ర్యామ్‌ను పిండినట్టు అవి పిండవు.

'కిల్డ్' అని వస్తే అది వేరే కథ. గిన్నె చిన్నది, పాలు ఎక్కువ: ర్యామ్ చాలక కర్నల్ ఆ జాబును చంపేసింది. జాబుకు సుమారు 2 జీబీ లెక్కేసుకోండి. 8 జీబీ మెషిన్‌లో పదహారు జాబులు పెట్టి కర్నల్‌ను తిడితే ఎలా? నాలుగు పెట్టండి.

ప్రతిసారీ అదే ఫైల్, అదే లైన్ అంటే అప్పుడు కోడ్ చూడాలి. కొత్త తోడుకు పాత పాలు పడవు. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి ఒకే గ్లోబల్ వేరియబుల్‌ను రెండు ఫైళ్లలో 'ఎక్స్‌టర్న్' లేకుండా డిక్లేర్ చేస్తే 'మల్టిపుల్ డెఫినిషన్' అంటుంది. 2024లో జీసీసీ 14 వచ్చాక, డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలిస్తే వార్నింగ్ పోయి ఎర్రరే వస్తోంది. నన్నడిగితే మంచి పనే చేశారు. ప్యాకేజీకి కొత్త వెర్షన్ ఉందేమో చూడండి, లేకపోతే ప్యాచ్ వెతకండి.

ఇంకో రకం: లింక్ చేసేటప్పుడు 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్', ఆ పేరులో 'సీఎక్స్ఎక్స్11' అని ఉంటుంది. 2015లో జీసీసీ 5తో సీ ప్లస్ ప్లస్ స్ట్రింగ్, లిస్ట్ లోపలి అమరిక మారింది. లైబ్రరీ పాత తోడుతో, ప్రోగ్రామ్ కొత్త తోడుతో చేస్తే రెండూ ఒక గిన్నెలో కలవవు. రెవ్‌డెప్-రీబిల్డ్ అనే జెంటూ టూల్‌తో ఆ లైబ్రరీలు మళ్లీ కట్టండి.

అయ్యో, టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. కొత్త జీసీసీ ఇన్‌స్టాల్ చేసి, ఏ జీసీసీ వాడాలో ఎంచే జీసీసీ-కాన్ఫిగ్‌తో దానికి మారడం మర్చిపోతారు. మారాక పాత టెర్మినల్‌లోనే ఉంటే ప్రొఫైల్ ఫైల్‌ను మళ్లీ సోర్స్ చేయండి, అంటే ఆ సెట్టింగులు మళ్లీ లోడ్ చేయండి. లైబ్రరీలు కట్టడానికి వాడే లిబ్‌టూల్‌ను ఒకసారి రీబిల్డ్ చేయండి. 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' వస్తే, 'మార్చ్ నేటివ్' ఫ్లాగ్‌తో, అంటే కట్టిన మెషిన్ ప్రాసెసర్‌కే సరిపోయేలా, కట్టిన బైనరీని పాత ప్రాసెసర్ మీదకు తెచ్చారేమో చూసుకోండి. కొత్త జీసీసీతో ఒక చిన్న సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ కంపైల్ అయి, నడిచిందాకా పాతదాన్ని డెప్‌క్లీన్‌తో తీసేయకండి. ఉన్న తోడంతా తినేస్తే, రేపు పక్కింటికి గ్లాసు పట్టుకుని వెళ్లాలి.

అయినా ఆగిపోతే కామెంట్‌లో మొత్తం బిల్డ్ లాగ్ లింక్ పెట్టండి. ఫోటో పెడితే మాత్రం చూడను.